నేను చెరిపేసిన ఆరువందల నలభై రెండో సంవత్సరం

ఆ క్యాసెట్టును ఇరాక్ సైనికుడు లాక్కున్నాడని ముప్పై ఏళ్ళకు పైగా చెబుతూ వచ్చాను. మొదట ఒక ఇంట్లో చెప్పాను. చాలా ఏళ్ళ తర్వాత, కువైట్ నుంచి తిరిగొచ్చినవాళ్ళ సభలో మైకు పట్టుకుని చెప్పాను. ఆ సభ జ్ఞాపకంగా వేసిన చిన్న పుస్తకంలో అది అచ్చయింది కూడా. బస్రా దారిలో ఒక సైనికుడు నా సంచి తిరగేసి, క్యాసెట్టు తీసి, బూటు కింద వేసి తొక్కాడని. బూటు సంగతి సభలో చేరింది. మొదటిసారి చెప్పినప్పుడు అది లేదు.

నిజానికి ఆ సైనికుడు క్యాసెట్టును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. “హిందీ? సినిమా పాటలా?” అన్నట్టు చేత్తో అభినయించాడు. నేను తలూపాను. నవ్వి తిరిగిచ్చేశాడు. నా వయసే ఉంటుంది. దాన్ని చెరిపింది నేను, తొమ్మిది రోజుల తర్వాత, జోర్డాన్ సరిహద్దులో ఒక గుడారంలో.

దానిలో ఉన్నవి పాటలు కావు. ఒక సంవత్సరం.

అది అయ్యవారిది. మా గదిలో అందరం ఆయన్ని అలాగే పిలిచేవాళ్ళం. రాయచోటి సాయిబు. ఊళ్ళో ఒక ప్రైవేటు బడిలో పదమూడేళ్ళు సోషల్ పాఠాలు చెప్పి, ఆ జీతంతో ఇల్లు గడవక నలభై దగ్గర పడ్డాక కువైట్ వచ్చారు. అల్ రాయ్‌లో కార్ల విడిభాగాల గోడౌన్‌లో స్టోర్‌కీపరు. నేను మిర్కాబ్‌లో ఒక ఆఫీసులో టీలు అందించేవాణ్ణి, నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. ఫర్వానియాలో ఐదుగురం ఒకే గదిలో ఉండేవాళ్ళం. మిగిలిన ముగ్గురిలో ఇక్కడ చెప్పుకోవలసింది లక్కిరెడ్డిపల్లె డ్రైవరు గురించి. అయ్యవారిని ఎగతాళి చేసే హక్కు మాలో ఆయనొక్కడికే ఉండేది, ఇద్దరిదీ ఒకే వయసు కాబట్టి.

అక్కడ వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమానిని కఫీల్ అంటారు. అయ్యవారి కఫీల్ ఇంట్లో పిల్లలు పెద్దవాళ్ళయ్యాక ఇంగ్లీషు విజ్ఞాన సర్వస్వం సంపుటాలను గోడౌన్‌కు పంపేశారు. అట్టపెట్టెలకు చెమ్మ తగలకుండా వాటిని కింద పరిచేవారట. అయ్యవారు ఒక్కొక్కటే లాగి, అక్కడ చెక్కలు పెట్టి, పుస్తకాలను గదికి చేర్చుకున్నారు. కొన్ని నీళ్ళలో నాని పేజీలు అంటుకుపోయాయి. చివరి మూడు సంపుటాలు దొరకనే లేదు. అందుకని అక్షర వరసలో చివర పడే దేశాల్లో ఆ యేడు ఏమీ జరగలేదు, మా గదికి సంబంధించినంత వరకు.

శుక్రవారం భోజనాలయ్యాక ఆయన చాప మీద కూర్చుని ఆ పుస్తకాలు ముందేసుకునేవారు. ఒకసారి డ్రైవరు అడిగాడు.

“ఏం అయ్యోరూ, మళ్ళా పరీక్ష రాస్తాండావా?”

“ఒక యేడు పట్టుకున్యా. ఆరునూర్ల నలభై రెండు. ఆ యేడు లోకమంతా ఏం జరిగిందో రాస్తాండా.”

“ఆ యేడే యాల? మీ తాత పుట్నాడా?”

“మా లెక్కలో హిజ్రీ ఇరవై ఒకటి. మీ లెక్కలో వాతాపి పడిపోయిన యేడు. రెండూ ఒక తావున కలిసినాయి గదాని.”

“సరే గానీ, ఆ యేడు కూలోళ్ళు యాడ పంజేస్తాండ్రి?”

“అన్ని తావులా చేసింటారు.”

“ఒక్కడన్నా లేడే మరి నీ పుస్తకంలో?”

“రాసినోడు కూలోడు గాదు గదప్పా,” అన్నారు అయ్యవారు. డ్రైవరు ఆ మాటకు చాలాసేపు నవ్వాడు.

ఆయనకు ఈ ఆలోచన బడిలోనే పుట్టిందట. పాఠ్యపుస్తకంలో ఒక వంశం అయిపోయాక ఇంకో వంశం మొదలవుతుంది, అందువల్ల పిల్లలు లోకం కూడా క్యూలో నిలబడి ఒకరి తర్వాత ఒకరుగా నడిచిందనుకుంటారని ఆయన బాధ. పంతొమ్మిది వందల తొంభై ఎండాకాలం ఆయన కూతురు ఉత్తరం రాసింది. ఏడో తరగతికి వచ్చింది. ఆరులో సోషల్‌కు పదకొండు మార్కులు. “అబ్బా, రాజులందరూ ఒకే మాదిరుండారు, నాకు గుర్తుండరు” అని రాసింది. ఆ ఉత్తరం మాకు చదివి వినిపించి, “నా కూతురికి పదకొండా!” అన్నారు. మరుసటి వారం తొంభై నిమిషాల ఖాళీ క్యాసెట్టు కొన్నారు.

ఆ రోజుల్లో ఇంటికి మాట పంపడమంటే క్యాసెట్టు పంపడమే. ఫోను చాలా ఖర్చు. చదువు రానివాళ్ళకు ఉత్తరం ఇంకొకరు చదివిపెట్టాలి. అందుకని ప్రతి గదిలోనూ ఒక టేప్‌రికార్డరు ఉండేది. ఊరికి పోయేవాడి సంచిలో పదీ ఇరవై క్యాసెట్లు వెళ్ళేవి. మా గదిలో దానికొక మర్యాద ఉండేది. మనిషి ముందు ఊరి సంగతులూ పని సంగతులూ మాట్లాడతాడు, అవి అందరూ వినొచ్చు. ఆఖర్న ఇంటి మాటలకు వచ్చేసరికి గొంతు మారుతుంది. అప్పుడు మిగతావాళ్ళు ఎవరూ చెప్పకుండానే లేచి బయటికి పోయి మెట్ల మీద కూర్చునేవాళ్ళు.

అయ్యవారి రికార్డింగు మూడు శుక్రవారాలు జరిగింది. జూలై నెల. కిటికీలోని ఏసీ లారీలా మోగేది కాబట్టి దాన్ని ఆపేసేవాళ్ళం. పది నిమిషాలు ఆయన మాట్లాడితే మా బనియన్లు తడిసి ఒంటికి అతుక్కునేవి. దగ్గు వస్తే నోట్లో తువ్వాలు కుక్కుకునేవాళ్ళం. డ్రైవరు చేయెత్తగానే ఆయన టేపు ఆపేవారు, మేము ఏసీ వేసి దాని ముందు పశువుల్లా గుమిగూడేవాళ్ళం. అలా విన్నాం కాబట్టే నాకు ఇంత గుర్తుంది. గుర్తున్నంత ఇక్కడ రాస్తాను. తేదీలు ఒకటి రెండేళ్ళు అటూ ఇటూ ఉండొచ్చని ఆయనే టేపులో మొదట చెప్పుకున్నారు.

మొదటి పక్క మన దగ్గరే మొదలయ్యేది. వాతాపిలో చాళుక్య చక్రవర్తి ముసలివాడయ్యాడు. ఉత్తరాది చక్రవర్తి అంతటివాణ్ణి నర్మద దాటి రానివ్వని మనిషి. కంచి పల్లవులను ఒకప్పుడు వాళ్ళ కోటగోడల దాకా తరిమినవాడు. వేంగిలో రాజుగా కూర్చోబెట్టిన తమ్ముడు అప్పటికే పోయాడు. ఆ యేడు, ఒకప్పుడు ఓడిన పల్లవరాజు కొడుకు దండు కట్టుకుని వచ్చాడు. ముసలి చక్రవర్తి తన ఊరి కోసం కొట్లాడుతూ చచ్చిపోయాడు. గెలిచినవాడు ఆ ఊరి కొండరాతి మీద తన పేరు చెక్కించుకుని పోయాడు. “ఆ దండు కంచి నుంచి వాతాపికి యా దోవన పోయిందో ఎవరూ రాయలేదు పాపా,” అని టేపులో అన్నారు అయ్యవారు. “మన సీమ మీదుగానే పోయుండాల. మన బావుల్లో నీళ్ళు తాగిందో, మన జొన్నలే కోసుకున్యారో. అప్పటికే మన రేనాటి రాజులు తెలుగులో రాళ్ళ మీద రాయిస్తాండ్రి. జొన్నలు పోయిన సంగతి మాత్రం యా రాయి మీదా లేదు.”

అదే చక్రవర్తిని అంతకు ఒకటి రెండేళ్ళ ముందు చూసిపోయిన మనిషి ఒకడున్నాడు. చైనా నుంచి నడిచొచ్చిన బౌద్ధ సన్యాసి. ఆ దేశం మనుషులు మేలు చేస్తే మరిచిపోరు, కీడు చేస్తే వదిలిపెట్టరు అని రాసుకున్నాడు. వాతాపి పడిపోయేనాటికి ఆయన ఇంకా మన దేశంలోనే ఉన్నాడు, తిరుగు ప్రయాణానికి పుస్తకాలు మూట కట్టుకుంటూ. తను చూసిన రాజు చచ్చిపోయాడని ఆయనకు తెలిసిందో లేదో.

తర్వాత పర్షియా. నహావంద్ దగ్గర యుద్ధం. నాలుగు వందల ఏళ్ళు నడిచిన రాజ్యానికి అక్కడ నడుం విరిగింది. పడుచు చక్రవర్తి తూర్పుకు పరుగెత్తాడు, ఊరూరూ తలుపు తట్టుకుంటూ. ఇక్కడ అయ్యవారి గొంతులో గర్వం వినిపిస్తుందేమోనని నేను ఎదురుచూశాను, గెలిచింది ఆయన మతంవాళ్ళు కదా. ఆయన మాత్రం ఆ పరుగెత్తేవాడి గురించే ఎక్కువసేపు చెప్పారు. ఆ మొదటి పక్క అలెగ్జాండ్రియాతో అయిపోయేది. ఆ ఊరిని అరబ్బులకు అప్పజెప్పే ముందు సంధి రాసుకున్నారు. రూమీ సైన్యం, అంటే తూర్పు రోమనుల సైన్యం, తన సామాను సర్దుకుని ఓడలెక్కడానికి పదకొండు నెలలు గడువు. ఆ గడువు తీరింది ఆ యేటిలోనే. చివరి ఓడ పోయాక కొత్తవాళ్ళు లోపలికి వచ్చారు.

రెండో పక్క జపాన్. ఒక ఆడమనిషి సింహాసనం ఎక్కింది. ఎక్కిన యేడే కరువు. పూజారులు ఎంత మొక్కినా చినుకు లేదు. ఆమె స్వయంగా నది ఒడ్డుకు పోయి, మోకాళ్ళ మీద నాలుగు దిక్కులకూ మొక్కింది. ఉరిమింది. ఐదు రోజులు ఆగకుండా వాన. ఇది చెప్పినప్పుడు డ్రైవరు రికార్డవుతోందని మరిచిపోయి, “ఆయమ్మను మన పక్కకు పంపరాదా!” అన్నాడు. అందరం నవ్వాం. అయ్యవారు ఆ ముక్కను చెరపకుండా అలాగే ఉంచారు.

కొరియాలో ఒక సేనాపతి, తనను చంపాలని చూస్తున్నారని తెలిసి, పెద్దలందరినీ విందుకు పిలిచి అక్కడే నరికించాడు. తర్వాత రాజును కూడా. ఇంగ్లండులో ఒక రాజు యుద్ధంలో పడిపోయాడు, శత్రువు అతని తలా చేతులూ గుంజలకు కట్టించాడు. కానీ అతను పడినచోటి మట్టి జబ్బులకు మంచిదని జనం గుప్పెళ్ళతో తీసుకుపోయారు, మనిషి లోతు గుంట అయ్యేదాకా. చివరికి అరబ్బుల సేనాని ఒకాయన. ఎన్ని యుద్ధాలు చేశాడో, ఒక్కటీ ఓడలేదు. ఒంటి మీద గాయం లేని జానెడు చోటు లేదు. అలాంటివాడు ఆ యేడు మంచం మీద, జబ్బుతో పోయాడు. యుద్ధంలో చావాలనుకున్నవాడికి మంచం మీద చావు ఎంత కష్టమైందో అయ్యవారు నెమ్మదిగా చెప్పారు. తర్వాత ఆయన గొంతు మారింది. మేము లేచి మెట్ల మీదికి పోయాం.

తలుపు తీసేసరికి క్యాసెట్టు పైఅంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలను ఆయన చాకుమొనతో విరిచేస్తున్నారు. అవి విరిచేస్తే దాని మీద మళ్ళీ రికార్డు కాదు. పొరపాటున ఎవరూ చెరపకుండా ఆయన తీసుకున్న జాగ్రత్త.

శనివారం విమానానికి పోయే ఒకాయన చేతికి దాన్ని ఇవ్వాలనుకున్నాం. గురువారం పొద్దున నా బస్సు రాలేదు. దాని బదులు రోడ్డు మీద ఇరాక్ ట్యాంకులు వచ్చాయి.

తర్వాతి వారాల గురించి చాలామంది చెప్పారు, నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. రొట్టె కోసం వరసలు, మూసేసిన దుకాణాలు, రేడియో చుట్టూ మూగిన తలలు. అల్ రాయ్‌లో షోరూముల కార్లన్నీ పోయాయి. అయ్యవారి గోడౌన్‌కు కూడా లారీలు వచ్చాయి. కఫీల్ ఎండాకాలానికని కుటుంబంతో వేరే దేశం పోయి అక్కడే ఉండిపోయాడు. పనివాళ్ళ పాస్‌పోర్టులు ఆఫీసు బీరువాలో, తాళం ఆయన జేబులో. సైనికులు తాళం కోసం వెతకలేదు, బీరువానే లారీకెక్కించారు. అయ్యవారు గేటు దగ్గర నిలబడి చూశారట.

నా పాస్‌పోర్టు నా ఆఫీసు మేనేజరు మొదటి వారంలోనే ఇచ్చేశాడు. బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్‌కు పోయే బస్సుల్లో నాకు చోటు దొరికింది. పాస్‌పోర్టు లేనివాళ్ళకు వేరే కాగితం ఇస్తారన్నారు, దానికి వరస పెద్దది. అయ్యవారు ఉండిపోయారు. డ్రైవరు కూడా ఆగిపోయాడు. “ఈయన్ని వంటరిగా ఇడిసిపోతే కూరలో ఉప్పేసుకోను గూడా తెలీదు,” అన్నాడు.

బయల్దేరే రోజు అయ్యవారు క్యాసెట్టును ఒక పాత సాక్సులో చుట్టి ఇచ్చారు.

“ఇది పాప చేతికియ్యి అబ్బీ. ఇంగెవరికీ గాదు.”

“మీరే వస్తారు గదా అయ్యోరూ.”

“నేనొస్తే నోటితోనే చెప్తాలే. మూణ్ణెల్ల పరీక్షకు అందితే చాలు.”

డ్రైవరు నా సంచికి తాడు కడుతూ, “అయ్యోరూ, ఆ ఊర్లో పదకొండు నెల్ల గడువిచ్చినారంటివి. ఈళ్ళు పదకొండు గంటలు గూడా ఇయ్యలే,” అన్నాడు.

“అది సంధి రాసుకున్యోళ్ళ సంగతి. మనతో ఎవురు రాసుకుంటారప్పా సంధి?”

ఆయనకు చక్కెర జబ్బు ఉండేది. సూదిమందు సీసాలు మా ఫ్రిజ్‌లో కూరగాయల పక్కనే పెట్టుకునేవారు. ఆ రోజు నేను మంచినీళ్ళ సీసా కోసం ఫ్రిజ్ తెరిచాను. ఆ అర సగం ఖాళీగా కనిపించింది. ఏమీ అడగలేదు.

జోర్డాన్ సరిహద్దు ఎడారిలో గుడారాలు. ఎంతమందిమో చెప్పలేను, కనుచూపు మేరంతా జనమే. విమానం ఎప్పుడో తెలియదు. మా గుడారంలో తొమ్మిదిమందిమి, అందరం కడప జిల్లావాళ్ళమే. పక్క గుడారంలో ఒక హైదరాబాదు దర్జీ దగ్గర బ్యాటరీ టేప్‌రికార్డరు ఉంది. ఇంకో గుడారంలోని కడప పెద్దాయన ఒకరికి మరుసటి రోజు విమానంలో చోటు ఖాయమైంది. ఏదైనా పంపాలంటే పంపండి, ఇంటింటికీ నేనే చేరుస్తాను అన్నాడు.

“ఉత్తరం రాస్తే మావోళ్ళు నమ్మరన్నా,” అన్నాడు ఒకడు. “ఎవరో రాసినారు, వాడు సచ్చిపోయినాడు, దాస్తాండారు అంటారు. గొంతు ఇంటేనే నమ్ముతారు.”

మా ఇంట్లోనూ అంతే. నన్ను పెంచింది మా అక్క. అమ్మ పోయినప్పుడు నాకు మూడేళ్ళు. అక్కకు చదువు రాదు. ఊళ్ళో నేను చచ్చానన్న పుకారు పుట్టిందని బాగ్దాద్‌లో ఒకడు చెప్పాడు. అక్క అన్నం మానేసిందని కూడా అన్నాడు.

“ఖాళీ క్యాసెట్టు ఎవరి దగ్గరన్నా ఉందా?” అని దర్జీ అడిగాడు. అందరూ తలలు అడ్డంగా ఊపారు.

“నా దగ్గరుంది,” అన్నాను.

నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు. నా సంచిలో ఏముందో ఎవరికీ తెలియదు. నేను ఊరుకుని ఉంటే అది రాయచోటికి చేరేది. అయ్యవారు వస్తారు, మళ్ళీ చెబుతారు, నోటితోనే చెబుతానని ఆయనే అన్నారు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. దర్జీ క్యాసెట్టు పెట్టి రికార్డు బటన్ నొక్కితే దిగలేదు. ముక్కలు విరిచేసి ఉన్నాయి కదా. “ఇది లాక్ చేసిందే భాయ్, ముఖ్యమైనదా?” అన్నాడు. “కాదు,” అన్నాను. బిస్కట్ పొట్లం కాగితం చింపి, మడిచి, ఆ రెండు రంధ్రాల్లోనూ నేనే కుక్కాను. పొరపాటున జరిగిందని నేను ఎన్నడూ అనలేకపోవడానికి కారణం ఆ రెండు కాగితం ముక్కలు.

మొదట టేపు ఎక్కడుందో చూద్దామని దర్జీ ప్లే నొక్కాడు. “...ఐదు దినాలు పాపా, నిలపకుండా...” అని అయ్యవారి గొంతు వచ్చింది. “ఎవరది?” అన్నారు. “ఎవరో,” అన్నాను. క్యాసెట్టును మొదటి పక్కకు మార్చి, మొదలుదాకా వెనక్కి తిప్పాం.

అక్కతో మూడు నిమిషాలు కూడా మాట్లాడలేకపోయాను. “అక్కా, నేనే. బతికుండా. అన్నం తిను,” అన్నాను, ఇంకేం చెప్పాలో తోచలేదు. తర్వాత ఒక్కొక్కడూ వచ్చి కూర్చున్నాడు. పిల్లల పేర్లు, అప్పుడే పుట్టిన దూడ, నాటిన టమాటా, ఎవరికో ఇవ్వమన్న చీర. ఒకడు రామనామం చెప్పి లేచిపోయాడు. మొదటి పక్క నిండింది, తిప్పాం. ఆఖర్న సుండుపల్లె పక్కాయన ఏడవడం తప్ప ఏమీ మాట్లాడలేదు, ఏడుపు రికార్డయింది.

ఆ తొమ్మిది గొంతులూ తొమ్మిది ఇళ్ళకు చేరాయి. కడప పెద్దాయన మాట నిలబెట్టుకున్నాడు. మా అక్క దాన్ని కిరాణా కొట్టు దగ్గర పెట్టించుకుని నాలుగుసార్లు విని, ఆ సాయంత్రం అన్నం తిన్నదట. తర్వాత క్యాసెట్టు పక్క ఊరికి పోయింది, అక్కణ్ణుంచి ఇంకో ఊరికి. నేను తప్పు చేశానని రాస్తున్నాను గానీ, ఆ తొమ్మిది ఇళ్ళలో అది విన్న రాత్రి పొయ్యి వెలిగిందన్నది కూడా నిజమే. ఆ నిజం వెనక దాక్కోను.

నేను ఊరు చేరాక నెల్లాళ్ళకు రాయచోటి పోయాను. ఆ పాప గుమ్మంలోనే నిలబడి, “అబ్బా నాకేమన్నా పంపినాడా?” అంది. ఆయన చెప్పి పంపారో, ఏ ఉత్తరంలోనైనా రాశారో, క్యాసెట్టు సంగతి ఆమెకు తెలుసు. అప్పుడు చెప్పాను, చెక్‌పోస్టులో లాక్కున్నారని. ఆమె కాస్త ముఖం ముడుచుకుని, “పోనీలే అన్నా, అబ్బా వచ్చినాక మళ్ళా చెప్పించుకుంటా,” అంది. ఆ మాటతో నా అబద్ధం చాలా తేలికైపోయింది.

యుద్ధం ముగిసి దారులు తెరుచుకున్నాక డ్రైవరు వచ్చాడు. అయ్యవారు సెప్టెంబరు చివర్లో పోయారని చెప్పాడు. సూదిమందు అయిపోయిందట. ఆయన రోజుకు రెండు పూటల మందును ఒక పూటకు, ఆ తర్వాత రెండు రోజులకు ఒకసారికి తగ్గించుకుంటూ వచ్చి, ఎవరికీ చెప్పలేదట. ఊరంతా మందులు దొరకని రోజులు. డ్రైవరు ఆయన్ని మూడు ఆసుపత్రులకు మోసుకుపోయాడు. “మంచం మింద పోయినాడప్పా,” అన్నాడు డ్రైవరు.  అతనూ ఇంకొందరు మనవాళ్ళూ కలిసి అక్కడే మట్టి చేశారు. సమాధి ఏ వరసలోనో తెలియదు, ఏ గుర్తూ లేదు.

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. అప్పుడు ఆ క్యాసెట్టు ఆయన గొంతు ఉన్న ఒకే ఒక వస్తువు అయింది. అందుకే చెప్పలేకపోయాను. సైనికుడి మీద వేయడం తేలిక, అతను ఎదురుగా వచ్చి కాదనడు.

ఆ పాప పెద్దదయి ఇప్పుడు ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సోషల్ టీచరు. పోయిన యేడు నాకు ఫోన్ చేసింది. సభ పుస్తకంలో నేను చెప్పింది ఎవరో ఆమెకు పంపారట. “అన్నా, మా పిల్లోళ్ళకు చదివి ఇనిపించినా. మీరు అంత దూరం ఎత్తకొచ్చినారు, అదే చాలు. ఆ బూటోని మింద మావోడికి ఎంత కోపమొచ్చిందో!” అని నవ్వింది. థాంక్స్ చెప్పింది. 

నాలుగు నెలలు కూర్చుని గుర్తున్న సంవత్సరమంతా ఒక నోటుపుస్తకంలో రాశాను. పైన రాసినదానికంటే చాలా ఎక్కువ. దాన్ని తీసుకుని ఒక ఆదివారం మధ్యాహ్నం వాళ్ళింటికి పోయాను. ఆమె జవాబు పత్రాలు దిద్దుతోంది. ముందు నిజం చెప్పాను, కాగితం ముక్కల దాకా. తర్వాత పుస్తకం ఇచ్చాను.

ఆమె ఎర్రపెన్నుకు మూత పెట్టింది. తర్వాత అంది, “నా పెండ్లికి వచ్చినారు గదన్నా మీరు. పెద్దోళ్ళ వరసలో కూర్చున్యారు.”

“అవునమ్మా.”

పుస్తకం నాలుగు పేజీలు తిప్పింది. జపాన్ దగ్గర ఆగింది, చదివింది, మూసేసింది. “బాగుంది. ఇది మీ మాట గదా, అబ్బా మాట గాదు.” ఆ పైన, “ఆఖర్న నాకేం చెప్పినాడు?” అని అడిగింది.

“తెలీదమ్మా. అప్పుడు మేము బయటికి పోయినాం.”

“మీ నలుగురిలో ఒక్కరన్నా తలుపు కాడ నిలబడలేదా?”

“లేదమ్మా. అట్ల నిలబడేవాళ్ళం గాదు.”

దేశదేశాల రాజులు ఎలా చచ్చారో ఆమెకు చెప్పగలను. కన్నతండ్రి ఆమెను ఏమని పిలిచి ముగించాడో చెప్పలేను. నేను రాసుకున్న నలభై పేజీల్లో ఆమెకు కావలసింది ఒక్క వాక్యం కూడా లేదు.

ఆమె టీచరు గొంతుతో అడిగింది. “రెండో పక్క ఆఖరుదాకా నిండిందా? తొంభై నిమిషాల టేపు. తొమ్మిదిమంది. తలా పది నిమిషాలు మాట్లాడింటేనే నిండాల. మీరు మూడు నిమిషాలు గూడా మాట్లాడలేదంటిరి.”

నేను ఈ లెక్క ఎన్నడూ వేయలేదు. సుండుపల్లె పక్కాయన ఏడుస్తుంటే టేపు తనంతట అదే ఆగిందా, దర్జీ ఆపాడా? ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు. ఆగిపోయి ఉంటే బాగుండునని నాకున్న ఆశ, జ్ఞాపకంలా వేషం వేసుకుని వస్తోంది. దాన్ని నమ్మలేను. “చెప్పలేనమ్మా,” అన్నాను.

ఆమె దిద్దుతున్న పత్రాల్లోంచి ఒక తెల్లకాగితం తీసింది. “ఆ తొమ్మిదిమంది యా ఊరోళ్ళు? చెప్పండి.”

ఆరుగురు గుర్తొచ్చారు, నాతో కలిపి. ముగ్గురు రాలేదు.

అప్పటి నుంచి ఆదివారాలు ఇద్దరం తిరుగుతున్నాం. మా అక్క పోయింది, ఆమె పెట్టెలో ఏమీ లేదు. రెండో ఇల్లు తాళం వేసి ఉంది, పిల్లలు బెంగుళూరులో. మూడో ఇల్లు సుండుపల్లె పక్కన. ఆ ఏడ్చినాయన పోయి పదేళ్ళయింది. భార్య అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. క్యాసెట్టు సంగతి ఎత్తగానే ముఖం విప్పారింది.

“మా ఆయప్ప ఏడిసిందే గదా! ఉండె తల్లీ. శానా దినాలుండె మా ఇంట్లోనే. ఆఖర్న మా ఇంటికే వచ్చె గదా అది.”

“ఇప్పుడు యాడుందవ్వా?” అంది అయ్యవారి కూతురు. ఆమె చేయి నా మోచేతిని పట్టుకుంది, పట్టుకున్నట్టు ఆమెకే తెలియదు.

“సీడీలొచ్చినాక టేపులు ఎవరింటారమ్మా. సంచెడుండె. ఆయప్ప రీళ్ళన్నీ లాగి జొన్నచేని చుట్టూ కట్నాడు. గాలికి జుయ్యిమనేది. పిట్ట వాలేది గాదు.”

చేను ఎక్కడని అడిగితే చూపించింది. ఇప్పుడది మామిడితోట, చుట్టూ ఇనుప కంచె. అయ్యవారి కూతురు కంచె దాకా నడిచి కొంతసేపు నిలబడింది. నేను దూరంగానే ఉన్నాను. తిరిగి వచ్చేటప్పుడు బ్యాగులోంచి ఆ కాగితం తీసింది. మూడో ఊరి మీద గీత కొడుతుందనుకున్నాను, కొట్టలేదు.

“సంచెడుండె అనింది గదా. కట్టినవాట్లో అదుందని ఎట్ల చెప్పేది? ఎవరన్నా అడిగితే ఇచ్చిండొచ్చు.”

“నాకు నమ్మకం లేదమ్మా,” అన్నాను. ఆమెతో మళ్ళీ అబద్ధం ఆడకూడదనుకున్నాను.

“మీ నమ్మకం నాకెందుకన్నా? మిగిలిన ముగ్గురు ఎవరో గుర్తు తెచ్చుకోండి.”

రాయచోటి బస్సులో దారంతా ఆ గుడారాన్ని తలచుకుంటూ కూర్చున్నాను. ముఖాలు కనిపిస్తున్నాయి. ఊర్లు రావడం లేదు.